ఊడిపోయే పన్నుకి సిమెంట్

మొన్న రాత్రి మా చెల్లెలు ఫోన్ చేసింది. ఆ రోజే కూతురి దవడ పన్నుకి సిమెంట్ పెట్టించుకుని వచ్చారట. ఏడుపులూ బుజ్జగింపులూ అన్నీ అయిపోయి, పిల్ల పడుకున్నాక తీరిగ్గా అడిగింది. "అక్కా, ఇది ఎన్నేళ్లుంటుంది?"

ఏదో ఒక అంకె చెప్పేస్తే దాని మనసు కుదుటపడేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఐదేళ్ల కిందట సరిగ్గా ఇదే ప్రశ్న నేనూ అడిగాను, జవాబు విని నిశ్చింతగా ఇంటికొచ్చాను, ఆ నిశ్చింతే మా కొంప ముంచింది. అందుకని "రేపు చెప్తాలే" అని పెట్టేశాను. తీరా చెబుదామని కూర్చుంటే ఇది ఫోన్లో తేలే వ్యవహారంలా లేదు.

అరచేతిలో తెల్లటి ముక్క

మా చిన్నోడికి ఐదేళ్లు నిండిన కొత్తల్లో కింది దవడలో ఎడమవైపు పాలపన్ను పుచ్చింది. పైకి చూస్తే ఏమీ లేదు. తిన్న ప్రతిసారీ నాలుకతో అక్కడే కెలుక్కుంటుంటే అనుమానం వచ్చి తీసుకెళ్లాం. డాక్టరు గారు ఎక్స్‌రే తీసి, రెండు దవడ పళ్లు ఒకదానికొకటి ఆనుకునే చోట పుచ్చింది, స్టీలు క్యాపు వేస్తే మేలు అన్నారు. నేనూ మా ఆయనా మొహమొహాలు చూసుకున్నాం. ఐదేళ్ల పిల్లాడి నోట్లో స్టీలా? నవ్వితే మెరుస్తుంది, ఫొటోల్లో పడుతుంది. "తెల్లది లేదా అండీ?" అని అడిగింది నేనే.

ఉంది, పెడతాను, కానీ ఈ చోట అది అంతగా నిలవదు అన్నారావిడ. ఎన్నేళ్లుంటుందంటే, జాగ్రత్తగా చూసుకుంటే రెండు మూడేళ్లు ఉండొచ్చు అన్నారు. అన్నీ చెప్పారు. నా చెవికెక్కినవి మాత్రం "ఉంది" అన్న మాట, "రెండు మూడేళ్లు" అన్న మాట.

పద్నాలుగు నెలలు ఉంది.

ఒక సాయంత్రం బొమ్మల మధ్యలోంచి లేచొచ్చి నా ముందు అరచెయ్యి చాపాడు. అందులో గోరు మొనంత తెల్లటి ముక్క. "అమ్మా, నా పన్ను ఊడింది!" మొహం వెలిగిపోతోంది. వాడి క్లాసులో అప్పటికే ముగ్గురికి ముందు పళ్లు ఊడాయి, తనకింకా ఊడలేదని దిగులు. ముక్కని లైటు కింద పెట్టి చూశాను. ఒకవైపు నున్నగా ఉంది, రెండో వైపు గరుగ్గా ఉంది. గరుకు వైపు అంచు పొడుగునా సన్నటి గోధుమరంగు గీత. పన్ను కాదు, సిమెంట్.

ముందు డాక్టరు మీద కోపం వచ్చింది, ఆవిడ అక్కడ లేరు కాబట్టి పిల్లాడి మీదికి మళ్లింది. "ఏం కొరికావు? పెన్సిలు నమిలావా? చూయింగ్ గమ్ ఎవరిచ్చారు?" పన్ను ఊడిందని సంబరంగా వచ్చినవాణ్ణి దొంగలా నిలబెట్టాను. వాడు రెండు నిమిషాలు ఆలోచించి, ఎప్పుడో తిన్న గట్టి బిస్కెట్ ఒకటి ఒప్పుకున్నాడు. ఏదో ఒకటి ఒప్పుకుంటే తప్ప అమ్మ వదిలేలా లేదని వాడికి అర్థమైంది.

ఆ గోధుమరంగు గీతే అసలు సాక్ష్యం. అదేం చెబుతోందో నాకు తెలియలేదు.

పేరు రాయించిన డాక్టరు

మర్నాడు డాక్టరు గారు ముక్కని చూసి, బిస్కెట్ తప్పేం లేదండీ అన్నారు. కొరికితే విరిగే సిమెంట్లూ ఉంటాయి, ఇది ఆ రకంగా పోయింది కాదు. పన్నూ సిమెంటూ కలిసే అంచు దగ్గర పుచ్చు మళ్లీ మొదలైంది. కింద నేల మెత్తబడితే పైనున్నది పట్టు తప్పి ఊడొచ్చింది. పన్నుకి గాలి కొట్టి, ఆరబెట్టి, బుల్లి అద్దంలో చూపించారు. పక్కనే ఉన్న దవడ పన్ను మీద కూడా, సరిగ్గా ఈ గుంటకి ఎదురుగా, సన్నటి మచ్చ ఒకటి మొదలైంది.

"రాత్రిపూట ఎవరు తోముతారు?" అని అడిగారు.

"వాడే తోముకుంటాడండీ" అన్నాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానే అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. వాడికి ఒక కాగితమూ పెన్సిలూ ఇచ్చి పేరు రాయమన్నారు. వాడు నాలుక బయటపెట్టి, కాగితం మొత్తం ఆక్రమిస్తూ, ఒక్కో అక్షరం ఒక్కో దిక్కుకి వాలేలా రాశాడు. ఆ కాగితం నా చేతిలో పెట్టి, "దవడ వెనక దాకా వెళ్లి తోమాల్సింది కూడా ఈ చెయ్యే కదండీ" అన్నారు.

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పెద్దవాళ్లే తోమాలని దంతవైద్యులందరూ చెబుతారు. నేను వినని మాటేం కాదు. విచిత్రమేమిటంటే, పన్ను పుచ్చిన కొత్తల్లో భయంతో రోజూ రాత్రి నేనే తోమేదాన్ని. సిమెంట్ పెట్టించాక మానేశాను. ఎప్పుడు మానేశానో కూడా తెలియనంత మెల్లగా మానేశాను. కారుతున్న కుళాయి బాగుచేయించాక మళ్లీ దాని మొహం ఎవరు చూస్తారు? పుచ్చు కనపడేది పన్నులోనే గానీ జబ్బు నోటిది. తీపి, దాన్ని తినే క్రిములు, అవి వదిలే ఆమ్లం, అది చేరే సందులు అన్నీ సిమెంట్ పెట్టకముందు ఎక్కడున్నాయో పెట్టాకా అక్కడే ఉన్నాయి. పైగా ఇప్పుడు వాటికి కొత్తగా ఒక అంచు దొరికింది.

చెల్లెలికి ఏ అంకె చెప్పను?

అంకెలు లేక కాదు. పాలపళ్లకి పెట్టిన ఫిల్లింగుల మీద 2018లో ఒక సమీక్ష వచ్చింది. 31 అధ్యయనాలు, 12 వేలకు పైగా ఫిల్లింగులూ క్యాపులూ. ఏడాదికి ఎన్ని పాడవుతున్నాయని లెక్క తీస్తే ఒక అధ్యయనంలో దాదాపు సున్నా, ఇంకో దాంట్లో 100కి దాదాపు 30. సున్నాకీ 30కీ మధ్య మా చెల్లెలి కూతురి పన్నుని ఎక్కడ నిలబెట్టను? పాడవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం అంచు దగ్గర మళ్లీ పుచ్చడమేనని కూడా ఆ సమీక్షే తేల్చింది, మూడో వంతుకు పైగా అలా పోయినవే. అది చదివినప్పుడు ఆ బిస్కెట్ విచారణ గుర్తొచ్చింది.

ఇంత తేడా ఎందుకంటే, ఒకే సిమెంట్ ఒక్కో పన్నులో ఒక్కో రకంగా బతుకుతుంది. పైన నమిలే గుంటలో పెట్టింది నాలుగు గోడల మధ్య కూర్చుంటుంది. రెండు పళ్ల మధ్య పెట్టిన దానికి ఒక గోడ ఉండదు, నమిలిన ప్రతిసారీ బరువంతా దాని మీదే పడుతుంది. పన్ను రంగులో కలిసిపోయే కాంపోజిట్, నీలం లైటు వేయగానే గట్టిపడుతుంది, అందంగా ఉంటుంది. కానీ అది అంటుకునేదాకా పన్ను పొడిగా ఉండి తీరాలి. ఏడుస్తూ, నాలుక తోస్తూ, ఉమ్ము మింగుతూ ఉన్న ఐదేళ్ల పిల్లాడి నోరు పొడిగా ఉంచడమంటే మాటలు కాదు. గ్లాస్ అయానమర్ అనే సిమెంట్ 1970 ప్రాంతంలో బ్రిటన్‌లో పుట్టింది. కాస్త తడిని ఓర్చుకుంటుంది, పుచ్చుని అడ్డుకునే ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. కానీ నమిలే ఒత్తిడికి తట్టుకోవడంలో వెనకబడుతుంది. మావాడికి పెట్టింది అదే.

మా ఆయన అప్పట్లో ఒక వాదన తెచ్చారు. "నా పన్నులో వెండి సిమెంట్ ఇరవై ఏళ్లుగా కదల్లేదు, వీడిది ఏడాదికే ఊడిపోవడమేమిటి?" ఈ పోలిక చాలా ఇళ్లలో వింటున్నాను. ఆయనది శాశ్వత దంతం, గట్టి పింగాణీ పొర. పాలపన్ను పైపొర మందం అందులో సుమారు సగం, లోపల నరం పైకి దగ్గరగా ఉంటుంది, పట్టుకోవడానికి మిగిలే గోడలే పల్చన. పైగా ఆ వెండి సిమెంట్‌లో సగం దాకా పాదరసం. యూరోపియన్ యూనియన్ 2018 జూలై నుంచి 15 ఏళ్లలోపు పిల్లలకి దాన్ని వాడకుండా ఆపేసింది, 2025 జనవరి నుంచి పెద్దలకీ దాదాపుగా ఆపేసింది. మన్నిక ఒక్కటే చూస్తే అది మంచి సరుకే, కాదనను. కానీ ఆయన పన్ను పక్కన వీడి పన్ను పెట్టి కొలవడం కుదరదు.

ఇక నా అసలు వాదన. పిల్లల ఫిల్లింగుకి ఆయుష్షు విడిగా ఉండదు. ఆ పన్నుకి ఇంకా ఎంత కాలం మిగిలిందన్నదే దాని కొలబద్ద. రెండు దవడ పాలపళ్లలో ముందున్నది ఎక్కువ మందిలో 9 నుంచి 11 ఏళ్ల మధ్య ఊడుతుంది, దాని వెనకది 10 నుంచి 12 మధ్య. ఐదేళ్ల పిల్లకి పెట్టిన ఫిల్లింగు రెండేళ్లకి పోతే అది సగం దారిలో దింపేసినట్టు. తొమ్మిదేళ్ల పిల్లకి పెట్టిన అదే ఫిల్లింగు అదే రెండేళ్లుంటే, ఊరు చేరిపోయినట్టే. కాబట్టి డాక్టరుని అడగాల్సింది ఇదీ: "ఈ పన్ను ఎప్పుడు ఊడుతుందండీ, అప్పటిదాకా ఇది లాగుతుందా, లాగకపోతే లాగేది ఏది?" ఆ రోజు నేను ఇలా అడిగి ఉంటే స్టీలు అన్న మాటకి అంత ఉలిక్కిపడేదాన్ని కాదు.

అత్తయ్య మాటలో నిజం

"ఊడిపోయే పన్నుకి ఇంత రాద్ధాంతమా?" అని మా అత్తయ్య అనేవారు. ఇది మూఢత్వం అని కొట్టిపారేసే పోస్టులు బోలెడు చదివాను, ఒప్పుకోలేను. ఆవిడ మాటలో సగం నిజం ఉంది. ఇంకో నాలుగైదు నెలల్లో ఊడే పన్ను, వేళ్లు కరిగిపోయి కదులుతున్న పన్ను, నొప్పీ వాపూ లేకుండా ఉంటే, దాన్ని ముట్టుకోకుండా చూస్తూ ఉందాం అని డాక్టర్లే అంటారు.

ఆవిడ లెక్క తప్పేది వెనక పళ్ల దగ్గర. పాలపళ్లనగానే మన కళ్ల ముందు ఆరేళ్లకి ఊడే ముందు పళ్లే మెదులుతాయి. దవడ పాలపళ్లు ఇంకో నాలుగైదేళ్లు నమలాలి. వాటిని ముందే పీకేస్తే వెనక నుంచి వచ్చే పెద్ద పన్ను ముందుకు జరిగి, కింద పుట్టాల్సిన దంతానికి చోటు లేకుండా చేస్తుంది. మావాడి ఎక్స్‌రేలో ఆ కింది దంతాన్ని చూశాను. పాలపన్ను వేళ్ల మధ్య, చిన్న టోపీలా, వంతు కోసం కూర్చుని ఉంది.

ఇంకొకటి, ఇది చాలామందికి తగులుతుంది. ఆరేళ్లప్పుడు పాలపళ్లన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త పన్ను వస్తుంది. ఏదీ ఊడలేదు కదా అని అందరూ దాన్ని పాలపన్నే అనుకుంటారు. నా స్నేహితురాలు ఒకామె కూతురికి ఆ పన్ను పుచ్చితే "పోతే పోనీ, ఇంకోటి వస్తుంది" అని ఏడాది ఆగింది. అది శాశ్వత దంతం. ఇంకోటి రాదు. "ఊడిపోయేదే కదా" అనే ముందు అది ఊడేదో కాదో ఒకసారి అడిగితే పోయేదేముంది?

నన్ను ఇబ్బంది పెట్టిన రెండు అధ్యయనాలు

సిమెంట్ ఊడాక మావాడికి చివరికి స్టీలు క్యాపే వేశారు. వేసిన తీరు చూసి నాకు మళ్లీ అనుమానం. మొదట రెండు పళ్ల మధ్య బుల్లి రబ్బరు రింగు ఇరికించి పంపారు. మూడు రోజులకి కాస్త సందు వచ్చింది. తర్వాత మత్తు సూదీ లేదు, డ్రిల్లూ లేదు. క్యాపులో సిమెంట్ నింపి, పన్ను మీద కూర్చోబెట్టి, గట్టిగా కొరకమన్నారు, అయిపోయింది. పుచ్చు తీయలేదేమిటని అడిగాను. లోపల మూతపెట్టేస్తే క్రిములకి తిండి అందదు, ఆగిపోతుంది అన్నారు. గదిలో చెత్త ఊడ్చకుండా తలుపేసి తాళం వేసినట్టు అనిపించింది నాకు.

ఇంటికొచ్చి చదివాను. స్కాట్లాండ్ దంతవైద్యురాలు నోర్నా హాల్ పేరుతో దీన్ని హాల్ పద్ధతి అంటారు. అక్కడి టేసైడ్ ప్రాంతంలో 17 మంది డాక్టర్లు 132 మంది పిల్లలకి, ఒకే పిల్లాడి నోట్లో ఒక పన్నుకి ఈ క్యాపూ ఇంకో పన్నుకి మామూలుగా తాము చేసే వైద్యమూ చేసి చూశారు. ఐదేళ్ల ఫలితాలు 2011లో వచ్చాయి. నొప్పి, చీము లాంటి పెద్ద వైఫల్యాలు మామూలు వైద్యంలో 100కి 16 పైగా, క్యాపుల్లో 3. ఊడిపోవడం, అరిగిపోవడం, మళ్లీ పుచ్చడం లాంటివి అటు 42, ఇటు 5. ఒకే నోరు, ఒకే బ్రష్షు, ఒకే తిండి కాబట్టి పెంపకం మీద నెపం వేయడానికీ లేదు. నా ఫొటోల బెంగ ఖరీదు ఎంతో తెలిసొచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే నా వ్యాసం "క్యాపు వేయించండి" అని సుఖంగా ముగిసేది. తర్వాత 2020లో వచ్చిన ఇంకో అధ్యయనం చదివాను. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలో పళ్లు పుచ్చిన 3 నుంచి 7 ఏళ్ల పిల్లలు 1,144 మంది. ఒక గుంపుకి మామూలు ఫిల్లింగులు, ఒక గుంపుకి పుచ్చుని లోపలే మూసేసే పద్ధతి, ఒక గుంపుకి ఏ మరమ్మతూ లేకుండా బ్రష్షు, ఫ్లోరైడ్, తిండి జాగ్రత్తలు మాత్రమే. మొదటి రెండు గుంపులకి కూడా ఈ జాగ్రత్తలున్నాయి. దాదాపు మూడేళ్ల తర్వాత నొప్పో ఇన్ఫెక్షనో వచ్చినవాళ్లు వరసగా 100కి 42, 40, 45. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా లేదన్నారు.

చదివి పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. మరి పిల్లాణ్ణి అంత ఏడిపించి పెట్టించిందంతా దేనికి?

ఈ రెండిటికీ పొత్తు కుదరడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. మొదటిది పన్నుని లెక్కపెట్టింది, రెండోది పిల్లని లెక్కపెట్టింది. ఒక పన్నుకి ఏది బాగా నిలుస్తుందంటే క్యాపు నిలుస్తుంది. కానీ మూడేళ్లకే పళ్లు పుచ్చిన పిల్లకి మిగతా పళ్లు కూడా అదే నోట్లో ఉన్నాయి. ఒకదాన్ని ఎంత బాగా బాగుచేసినా ఇంకోటి మొదలవుతుంది. అలాగని ఫిల్లింగు వద్దని నేననను. గుంటలో తిండి ఇరుక్కుని నొప్పితో లేచే పిల్లకి అది కావాల్సిందే. కానీ సిమెంట్ ఎన్నేళ్లుందని చూసుకుని మురిసే తల్లి, లేదా కుమిలే తల్లి, తప్పు చోట చూస్తోంది. నేను చూశాను కాబట్టి అంటున్నాను.

చెల్లెలికి చెప్పిన జాగ్రత్తలు

మొదటి రోజు సంగతి తేలిక. మత్తు సూది వేసి ఉంటే రెండు మూడు గంటలు పిల్ల పెదవినీ బుగ్గనీ కొరుక్కోకుండా చూడాలి. తిమ్మిరి వాళ్లకి ఆటలా ఉంటుంది, పొద్దున్నకి పెదవి వాచిపోతుంది. గ్లాస్ అయానమర్ అయితే పూర్తిగా గట్టిపడడానికి ఒక రోజు పడుతుంది, అందాకా గట్టివి వద్దు. రెండు మూడు రోజులయ్యాక కూడా "పన్ను తగులుతోంది" అంటే గారాబం అనుకోకుండా తీసుకెళ్లడమే. ఎత్తు ఉన్నచోట కాస్త అరగదీస్తే నిమిషంలో సర్దుకుంటుంది.

తర్వాతి వెయ్యి రాత్రులే కష్టం. మా ఇంట్లో సోఫాలో ఒక చివర నేను కూర్చుంటాను, వాడు నా ఒళ్లో తలపెట్టి పడుకుంటాడు. అద్దం ముందు నిలబెట్టి తోమినప్పుడు కనపడనివన్నీ ఇలా పై నుంచి చూస్తే కనపడతాయి. ఫోన్ లైటు వేసి వెనక పళ్లు ముందు తోముతాను, ఎందుకంటే వాడి ఓపిక ముందు పళ్ల దాకా ఉండదు. పేస్టు బఠాణీ గింజంత, మూడేళ్లలోపు వాళ్లకైతే బియ్యపు గింజంత. డబ్బా మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం లేదా అంతకన్నా ఎక్కువ ఉందా అని చూస్తాను. పిల్లల బొమ్మ ఉన్న ప్రతి పేస్టులోనూ అది ఉండదు. తోమాక ఉమ్మేయడమే, నీళ్లు పోసి పుక్కిలించడం లేదు. ఇది నాకే అలవాటు కావడానికి నెల పట్టింది.

తర్వాత ఫ్లాస్ దారం. రెండు దవడ పళ్ల మధ్యకి బ్రష్షు పోదు, మావాడి కథంతా మొదలైంది అక్కడే. దారంతో ఇంకో లాభం ఉంది. రోజూ నున్నగా జారి వచ్చే దారం ఒక రోజు ఫిల్లింగు అంచుకి తగిలి పీచులు లేచి వస్తే, అక్కడ ఏదో గరుకు తేలిందని అర్థం. నొప్పి రాకముందే వచ్చే కబురు అది. ఆరు నెలలకోసారి, పళ్లు తొందరగా పుచ్చే పిల్లలకైతే ఇంకా ముందే, డాక్టరుకి చూపించి ఫ్లోరైడ్ వార్నిష్ పూయించాలి. తీపి మానిపించలేకపోయాను, అబద్ధం ఎందుకు. రోజంతా కొంచెం కొంచెం తినడం మాన్పించి భోజనంతో కలిపేశాను, సీసాలో జ్యూస్ పోసి చేతికివ్వడం ఆపేశాను. ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ఎక్కువ చేటు.

ఆ పక్క పన్ను మీద మచ్చ మొదలైందన్నాను కదా. దానికి డాక్టరు గారు ఏమీ పెట్టలేదు. వార్నిష్ పూసి, ఈ రాత్రి తోముడు నాకు అప్పగించి, చూద్దాం అన్నారు. నాలుగేళ్లయింది, మచ్చ మచ్చలాగే ఉంది. సిమెంట్ పెట్టిన పన్ను పద్నాలుగు నెలలకే దెబ్బతింటే, ఏమీ పెట్టని ఈ పన్ను ఇప్పటికీ నములుతోంది. ఒక్క పన్నుతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. కానీ నా ఒళ్లో తలపెట్టుకున్న పిల్లాడి నోట్లో రోజూ చూసే పన్ను అది.

క్యాపు సంగతి చెప్పలేదు. వేసిన రోజు ఇంటికొచ్చి, ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం పీకి పన్నుకి ఆనించి చూసుకున్నాడు. అతుక్కోలేదు. ఆ రోజుకి వాడికున్న బాధ అదొక్కటే. రెండు వారాల కిందట, పదేళ్లు దాటాక, ఆ పన్ను ఊడింది, క్యాపుతో సహా. ఈసారి కూడా అరచెయ్యి చాపుతూ వచ్చాడు, కానీ ముందు నా మొహం చూసి, "నేనేం తినలేదు" అన్నాడు. తిప్పి చూశాను. వేళ్లు పూర్తిగా కరిగిపోయాయి, పైన క్యాపు మాత్రం వేసినప్పటిలాగే బిగిసి ఉంది. వాడు దాన్ని నా చేతిలోంచి లాక్కుని మళ్లీ ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తాడు.